తుప్పు మీద రంగు నిలబడదు



ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. మా ఇంట్లో ఉన్న పాత ఓమ్ని వ్యానుకి 2024 ఎండాకాలంలో మేమే ఇంటి దగ్గర రంగు వేసుకున్నాం. మొదటిసారి పూర్తిగా చెడగొట్టాం. రెండోసారి నేర్చుకుని వేశాం. ఆ రెండింటి మధ్య తెలుసుకున్నది మనవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాం.

మేము అంటే ముగ్గురం. పెద్దోడు డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి ఇంటి దగ్గర కాఫీ తోట, పొలం చూసుకుంటున్నాడు. నడిపోడు పాలిటెక్నిక్. చెల్లి ఇంటర్. మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. టైపు చేస్తున్నది ఒకరే గానీ పక్కన ఇద్దరూ కూర్చుని "అది కాదు, ఇలా రాయి" అంటూనే ఉన్నారు. అందుకే అంతటా మేము అనే రాస్తున్నాం.

ముందు బండి గురించి. అది 2004 మోడల్ తెల్ల ఓమ్ని. నాన్న 2009లో కాఫీ డబ్బులు, అప్పు కలిపి నర్సీపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వెనక సీట్లు తీసేస్తే పసుపు బస్తాలు, మిరియాల బస్తాలు పట్టేవి. సీట్లు పెడితే మనుషులు. మా పై ఊళ్లకి అప్పట్లో రోడ్డు లేదు. ఎవరికైనా బాగోకపోతే డోలీ కట్టి కిందకి మోసుకొచ్చేవాళ్లు. డోలీ దించిన చోట మా బండి ఉండేది. అర్ధరాత్రి తలుపు కొడితే నాన్న చొక్కా కూడా వేసుకోకుండా తాళం పట్టుకుని పరిగెత్తేవాడు. 2013లో వానాకాలం ఒక అక్కకి పాడేరు చేరకుండానే బండిలోనే కాన్పు అయిపోయింది. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. ఆ పిల్లని ఇప్పటికీ ఊళ్లో బండిపిల్ల అనే పిలుస్తారు.

2021లో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పోయాయి. ఆ రోజు కూడా ఆయన్ని అదే బండిలో తీసుకెళ్లాం, పక్క ఊరి డ్రైవర్ని బతిమాలి. తర్వాత బండి చింతచెట్టు కింద ఆగిపోయింది. రెండు వానాకాలాలు అక్కడే తడిసింది. మన మన్యంలో వానంటే తెలుసు కదా, దానికి తోడు మంచు. పెద్దోడు లైసెన్సు తీసుకుని, బ్యాటరీ మార్చి స్టార్ట్ చేస్తే ఇంజను పలికింది. బాడీ మాత్రం పాడైపోయింది. తలుపుల కింద అంచులు అప్పడంలా విరిగిపోతున్నాయి. చక్రాల పైన రంగు బుడగలు కట్టింది. ముందు మ్యాటు ఎత్తితే అరచేయి పట్టేంత కన్నంలోంచి నేల కనిపించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సొంత బండికి 15 ఏళ్లు నిండాక 5 ఏళ్లకొకసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. నాన్న 2019లో చేయించాడు. మళ్లీ 2024 జూన్‌తో గడువు అయిపోయేది. ఈ తుప్పుతో తీసుకెళ్తే బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ కూడా తిరగడని అందరూ అన్నారు. తుక్కు కింద అమ్మేయండి, పదో పన్నెండో వేలు వస్తాయి అన్నారు. ఆ మాట అన్నప్పుడు నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కిందకి వెళ్లి ఒక షెడ్డులో చూపించాం. ఆయన బండి చూసి, మమ్మల్ని చూసి, 32 వేలు అన్నాడు. తగ్గించండి అంటే, "కొండ మీద తిప్పుకోడానికి మీకెందుకురా ఇంత రంగు" అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఇలాంటివి మనకి కొత్తేం కాదు. కానీ ఘాట్ రోడ్డు ఎక్కేవరకూ ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకోలేదు. వంట్లమామిడి దాటాక చెల్లి అంది, "మనమే వేసేద్దాం". అలా మొదలైంది.

నిజం చెప్పాలంటే అప్పుడు మా మనసులో ఉన్నది బండిని బాగు చేయాలని కాదు. ఆ తుప్పు ఎవరికీ కనబడకూడదు, అంతే. అందుకే మొదటిసారి చేసిన పని కూడా అలాగే అయింది.

ఫిబ్రవరి చివర్లో హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి 2 లీటర్ల తెల్ల ఎనామెల్, రెండు బ్రష్‌లు, కొంచెం గరుకు కాగితం తెచ్చాం. మొత్తం 900 అయింది. బండిని ఒకసారి నీళ్లు కొట్టి కడిగాం. తుప్పు పైపైన గోకాం. మధ్యాహ్నం మూడింటికి మొదలెట్టి చీకటి పడేలోపు బండంతా వేసేశాం, డబ్బాలో ఎలా ఉందో అలాగే, చిక్కగా, కిటికీ తలుపులకి వేసినట్టు. సాయంత్రం చూస్తే మెరిసిపోతోంది. ఫోటోలు తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాం. ఒకరి కామెంటు: "కొత్త బండా బ్రో?" ఎంత పొంగిపోయామో.

తెల్లారి మంచు పోయాక చూశాం. మెరుపు లేదు. సున్నం కొట్టినట్టు మసకగా ఉంది. తలుపుల మీద రంగు కారి కొవ్వొత్తి మైనంలా గడ్డ కట్టింది. బ్రష్ గీతలు దుక్కి చాళ్లలా లేచి ఉన్నాయి. రంగులో దోమలు, చింతాకు అంటుకుపోయాయి. పది రోజులకి చక్రాల పైన మళ్లీ బుడగలు వచ్చాయి. గోటితో గీకితే కొత్త రంగు పొరలా ఊడి వచ్చింది, కింద ఎర్రటి పొడి.

అమ్మ వచ్చి చూసింది. చీపురు చంకలో పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇల్లు అలక్కుండా ముగ్గెట్టినట్టుందిరా" అంది. అంతే, వెళ్లిపోయింది.

మా అమ్మ ఏటా పండక్కి ముందు గోడలకి ఎర్రమట్టి పూస్తుంది. పాత మట్టి పెచ్చులు ముందు గీకేస్తుంది. పగుళ్లు కప్పుతుంది. పలచగా ఒక పూత పూసి, ఆరనిచ్చి, దాని మీద ఇంకోటి. చిక్కగా ఒక్కసారే పూస్తే ఎండాక బీటలు వారి రాలిపోతుందని మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మేమూ చేతులు పెట్టినవాళ్లమే. కానీ బండి దగ్గరికి వచ్చేసరికి అది ఏదో వేరే చదువు అనుకున్నాం. మట్టి గోడ సంగతి ఇక్కడెందుకు పనికొస్తుందిలే అనుకున్నాం.

ఆ రాత్రి మావకి ఫోన్ చేశాం. అమ్మ తమ్ముడు. పదిహేడేళ్లుగా విశాఖలో షెడ్లలో బండ్లకి రంగు వేస్తున్నాడు. ముందే ఎందుకు చెయ్యలేదంటే సిగ్గు. మా ఊళ్లో సిగ్నల్ ఉండదు, పై మలుపు దగ్గర రాయి ఎక్కితే వస్తుంది. అక్కడి నుంచి ఫోటోలు పంపితే చూసి చాలాసేపు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గు పట్టుకుంది. తర్వాత అడిగాడు, "ఒరేయ్ అల్లుళ్లూ, బండికి రంగెయ్యాలా, తుప్పుని దాసేయాలా? దాసేయాలంటే టార్పాలిన్ కప్పండి, తక్కువలో అయిపోద్ది."

అక్కడి నుంచి మా చదువు మొదలైంది. మావ మొదట చెప్పిన మాట: పదొంతుల పనిలో రంగు ఒక వంతే. మిగతా తొమ్మిది వంతులు రంగు వేయకముందు చేసేవి, ఎవరికీ కనబడనివి. తుప్పు మీద రంగు ఎందుకు నిలబడదో చెల్లి తన కెమిస్ట్రీ పుస్తకం తీసి చెప్పింది. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే ఐరన్ ఆక్సైడ్. అది ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పొరలు పొరలుగా ఉబ్బుతుంది. పైన రంగు ఉన్నా లోపల తడి ఉంటే దాని పని అది చేసుకుంటూ పోతుంది, రంగుని పైకి తోసేస్తుంది. మేము చూసిన బుడగలు అవే. పరీక్షకి రాసి మర్చిపోయిన పాఠం మా చింతచెట్టు కిందే ఉంది.

ఇక చేసిన పని వరసగా చెప్తాం.

ముందు మేము వేసిన దరిద్రపు రంగంతా గీకేశాం. దానికే ఐదు రోజులు. తర్వాత తుప్పు. వైరు బ్రష్, 80 నంబరు పేపరు పట్టుకుని తెల్లటి ఇనుము కనిపించేవరకూ రుద్దాలి. నల్లటి చుక్క ఒక్కటి మిగిలినా అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. తలుపుల కింద చూస్తే ఒక సంగతి తెలిసింది. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం పక్క నుంచి లోపలికి దిగిన వాన నీరు వాటిలోంచే బయటకి పోవాలి. మా బండికి అవన్నీ మట్టితో మూసుకుపోయాయి. నీళ్లు లోపలే నిలిచి తలుపు లోపలి నుంచి కుళ్లింది. పాత బండి ఉన్నవాళ్లు ఈ పోస్టులో ఇంకేం గుర్తు పెట్టుకోకపోయినా ఇది గుర్తు పెట్టుకోండి. వానాకాలం ముందు ఒక పుల్లతో ఆ రంధ్రాలు పొడిచి చూడండి. పైసా ఖర్చు లేదు.

కన్నాలు పడ్డ చోట లప్పం పెట్టి మూసేద్దాం అనుకున్నాం. మావ ఒప్పుకోలేదు. కన్నానికి రేకే వేయాలి, లప్పం సొట్టలకి మాత్రమే అన్నాడు. ఫ్లోరు, స్లైడింగ్ డోరు కింది మెట్టు పాడేరులో టింకరింగ్ చేసే ఆయన దగ్గర వెల్డింగ్ పెట్టించాం. 2,500 తీసుకున్నాడు. వెల్డింగ్ మనం చేసుకునేది కాదు, పెట్రోలు బండి, నిప్పుతో పని. తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

ఇనుము బయటపడ్డ చోటల్లా అదే రోజు రెడాక్సైడ్ ప్రైమర్ పెట్టేయాలి. మన దగ్గర రాత్రి మంచుకి ఒక్క రోజులోనే మళ్లీ ఎర్రబడిపోతుంది. లప్పం పెట్టే సొట్టలు మాత్రం ముందు చేసుకోవాలి, ఎందుకంటే లప్పం శుభ్రంగా గీకిన ఇనుము మీదే పట్టుకుంటుంది. నిమ్మకాయంత లప్పానికి బఠాణీ గింజంత హార్డనర్. ఎక్కువ కలిపితే చేతిలో ఉండగానే రాయి అయిపోతుంది, మాకు రెండుసార్లు అయింది. ఇంకోటి, లప్పాన్ని పొడిగానే రుద్దాలి. అది నీళ్లు తాగుతుంది. తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? కింద ఉన్న ఇనుము దగ్గరికి. మళ్లీ కథ మొదటికి.

ఇక్కడే మేము ఇరుక్కుపోయాం. లప్పం రుద్దుతున్నాం, కంటికి సాపుగానే ఉంది. వీడియో పంపితే మావ "ఇంకా ఉంది" అంటాడు. ఎక్కడుందో తెలీదు. నాలుగు రోజులు అలా అయ్యాక ఇటుకల పండక్కి ఊరొచ్చాడు. వచ్చిన మొదటి పూటే బండి దగ్గరికి వెళ్లి, కళ్లు మూసుకుని, అరచెయ్యి తలుపు మీద పెట్టి మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి జరిపాడు. "ఇక్కడ. ఇక్కడొకటి. ఇదిగో ఇక్కడ" అంటూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టాడు. పదకొండు వచ్చాయి. కన్ను మోసపోద్ది, చెయ్యి మోసపోదు అన్నాడు. మా చేత కూడా చేయించాడు. మొదట్లో ఏమీ తెలీలేదు. మధ్యాహ్నానికి చెల్లికి తెలిసింది. ఆమె చెయ్యి మాకన్నా చురుకు. తర్వాత నుంచి రుద్దడం మేమిద్దరం, పాస్ చేయడం ఆమె. చెల్లి "ఊఁ" అనేదాకా పేపరు కింద పెట్టలేదు. ఒక చెక్క ముక్కకి పేపరు చుట్టి రుద్దాలని కూడా ఆమే కనిపెట్టింది. వేళ్లతో రుద్దితే వేళ్ల గాడులే పడతాయి.

ఆ రెండు రోజులు మావతో పక్కనే ఉన్నాం. రాత్రి పడుకున్నాక ఆయన ఊపిరి ఈల వేసినట్టు వినిపించేది. అమ్మ లేచి వేడినీళ్లు కాచి ఇచ్చింది. ఆయనకి ఇంకా నలభై నిండలేదు.

మేము అడిగాం, కంప్రెసర్ అద్దెకి తెచ్చి గన్‌తో కొడితే షెడ్డులో వేసినట్టే వస్తుంది కదా, నువ్వు ఉండగానే కొట్టేద్దాం అని. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మనిషి గట్టిగా వద్దన్నాడు. ఇప్పుడు షెడ్లలో కొట్టే పీయూ రంగుల్లో హార్డనర్ కలుపుతారు. అందులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్‌తో కొట్టినప్పుడు ఆ పొగమంచు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా వస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. మూతికి కట్టుకునే గుడ్డ, మామూలు మాస్కు దాన్ని ఆపవు. బయటి నుంచి మంచి గాలి పైపుతో వచ్చే మాస్కు కావాలి. మావకి మొదటి పదేళ్లు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. చేతిరుమాలు కట్టుకుని కొట్టాడు. "మెరుపు బండికొచ్చింది, దగ్గు నాకొచ్చింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మాకు నవ్వు రాలేదు.

మన ఊళ్ల నుంచి ఎంతమంది తమ్ముళ్లు పది ఫెయిలై, ఇంటర్ ఆపేసి ఇలాంటి షెడ్లకి పోతున్నారో మీకు తెలుసు. పని నేర్చుకోవడం మంచిదే. కానీ చేరిన మొదటి రోజే మాస్కు సంగతి అడగండి. ఇవ్వకపోతే గన్ పట్టకండి. పని ఇంకోటి దొరుకుతుంది.

అందుకే మా బండికి రోలర్ పద్ధతి అనుకున్నాం. హార్డనర్ లేని మామూలు సింథటిక్ ఎనామెల్, అంటే మేము మొదట చెడగొట్టిన రంగే. తేడా అంతా వేసే తీరులో. రంగులో మినరల్ టర్పెంటైన్ పోసి పాలంత పలచగా చేసుకోవాలి. పాత ఓణీ గుడ్డతో వడకట్టాలి. 4 అంగుళాల నురుగు రోలర్‌తో పలచగా వేసి, వెంటనే మెత్తటి బ్రష్ మొనతో, అసలు బరువు వేయకుండా, ఒకసారి పైనుంచి కిందకి నిమరాలి. బుడగలు చితికిపోతాయి. మొదటి పూత వేశాక కింద ప్రైమర్ కనబడుతూనే ఉంటుంది. కంగారు పడి ఇంకొంచెం పూయాలనిపిస్తుంది. పూయకూడదు. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. ఇలా ఆరు పూతలు వేశాం. రెండు పూతలకొకసారి 600, తర్వాత 800 వాటర్ పేపరుతో నీళ్లు చల్లుతూ తేలిగ్గా రుద్ది, తుడిచి, ఆరాక మళ్లీ పూత.

టైము చాలా ముఖ్యం. ఉదయం మంచు విడిచాక తొమ్మిదికి మొదలెట్టి పన్నెండు లోపు ఆపేసేవాళ్లం. నేరుగా ఎండలో వేస్తే రోలర్ తిప్పేలోపే బిగిసిపోతుంది. సాయంత్రం వేస్తే పచ్చి రంగు మీద మంచు పడి మెరుపు చచ్చిపోతుంది. మా మొదటి రంగు సున్నంలా మసకేసింది ఇందుకేనట. వేసే ముందు చుట్టూ నేల తడపాలి, దుమ్ము లేవదు. చింతచెట్టు కింద నుంచి బండిని పశువుల పాకలోకి మార్చాం, పాత చీరలు చుట్టూ కట్టాం. రెండు పక్కలా గాలి ఆడేటట్టు వదిలాం. ముందు టాపు, తర్వాత పక్కలు, ఒక తలుపు మొదలెడితే ఆ తలుపు పూర్తయ్యేదాకా ఆగకూడదు, మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుంది. ఒక రోజు మధ్యలో ఎవరో పిలిస్తే వెళ్లొచ్చాం. ఆ అతుకు ఇప్పటికీ వెనక డోరు మీద ఉంది.

జాగ్రత్తలు రెండు. ఎనామెల్ తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేయకూడదు. ఆ నూనెలు ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే వాటంతట అవే అంటుకోవచ్చు. విప్పి విడివిడిగా బయట ఆరేయాలి, లేదా నీళ్లలో వేయాలి. మనవి పూరిళ్లు, పాకలు. పొయ్యి, బీడీ ఆ దగ్గరికి రానివ్వకూడదు. రెండోది, రుద్దేటప్పుడు దుమ్ము మాస్కు, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి. ఇంకో మాట, ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది. రంగు మారిస్తే రవాణా ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో మార్పించుకోవాలి. నడిపోడికి నీలం రంగు వేయాలని చాలా ఉండేది. తెలుపే ఉంచాం.

ఖర్చు అడుగుతారు కాబట్టి రాస్తున్నాం. పేపర్లు 800, లప్పం 350, ప్రైమర్ 250, ఎనామెల్ 3 లీటర్లు 1,050, టర్పెంటైన్ 450, రోలర్లు బ్రష్‌లు 400, మాస్కింగ్ టేపు 300, మాస్కులు గ్లౌజులు కళ్లద్దాలు 650, రబ్బింగ్ కాంపౌండ్, వ్యాక్స్ 400. ఇది 4,650. వెల్డింగ్ 2,500. మొదట తగలేసిన 900. అంతా కలిపి 8,050. రోజులు మాత్రం దాదాపు నలభై పట్టాయి, పొలం పని చూసుకుంటూ. షెడ్డులో వేసినంత నున్నగా రాలేదు. పక్క నుంచి వెలుతురులో చూస్తే కొంచెం నారింజ తొక్కలా ఉంటుంది. నెల రోజులు గట్టిపడనిచ్చి, 1500, 2000 పేపరు కొట్టి కాంపౌండ్ పెట్టి రుద్దితే చాలావరకు పోయింది.

మే నెలలో మోదకొండమ్మ జాతరకి అమ్మ ఆ బండిలోనే ముందు సీటులో కూర్చుని వెళ్లింది. జూన్ మొదటి వారంలో రెన్యువల్‌కి తీసుకెళ్లాం. ముందు రోజు రాత్రంతా తుడిచాం. ఇన్‌స్పెక్టరు వచ్చి లైట్లు, హారన్, బ్రేకు చూశాడు. తర్వాత వంగి టార్చి వేసి ఫ్లోరు అడుగు, చక్రాల లోపలి భాగం చూశాడు. ఎక్కడెక్కడో తట్టి చూశాడు. ఆయన చూసినవన్నీ మేము గీకి, ప్రైమర్ పెట్టిన చోట్లే. పైన మేము ఆరు పూతలు వేసిన రంగు వైపు ఒక్కసారి కూడా చూడలేదు! కొంచెం బాధేసింది కూడా. 5 ఏళ్లకి పాస్ అయింది.

ఇంటికి వచ్చాక నాన్నని పట్టుకుని బయటకి తీసుకొచ్చాం. అప్పటిదాకా ఆయన మంచం మీద నుంచే చూస్తూ ఉండేవాడు, దగ్గరికి రానన్నాడు. ఎడమ చెయ్యి తలుపు మీద పెట్టాడు. ఎవరూ చెప్పలేదు, కళ్లు మూసుకున్నాడు. అలా జరుపుతూ జరుపుతూ డ్రైవర్ తలుపు హ్యాండిల్ కింద ఆగాడు. అక్కడ లప్పం కొంచెం ఎత్తుగా ఉండిపోయింది. చెల్లికి తెలుసు, మాకూ తెలుసు. విసుగొచ్చి వదిలేశాం, ఎవరికీ కనబడదులే అని. నాన్న అక్కడే రెండుసార్లు వేలితో కొట్టి మా వైపు చూశాడు. తర్వాత మూతి వంకర అవుతుండగా నవ్వాడు. మూడేళ్లలో అంత నవ్వు మేము చూడలేదు.

ఆ ఎత్తు ఇంకా అలాగే ఉంది. వచ్చే ఎండాకాలం చేస్తాం.

జూలైలో ఒక రాత్రి తలుపు కొట్టారు. పై ఊరి పెద్దాయనకి జ్వరం, ఫిట్స్. పెద్దోడు తాళం పట్టుకుని పరిగెత్తాడు. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. వాన ఆగకుండా పడుతోంది. పాడేరు చేరేసరికి బండి నిండా బురద, తెలుపన్నది ఎక్కడా కనబడలేదు. పెద్దాయన ఐదో రోజుకి నడుచుకుంటూ ఊరెక్కాడు.

తెల్లారి బండి కడిగాం. ముందు పుల్ల పెట్టి తలుపుల కింది రంధ్రాలు పొడిచాం. ఆ తర్వాతే నీళ్లు.

మీ ఇళ్లలో ఇలాంటి బండి ఏదైనా ఆగిపోయి ఉంటే తుక్కుకి ఇచ్చే ముందు ఒకసారి మ్యాటు ఎత్తి చూడండి, అరచెయ్యి పెట్టి చూడండి. పేపర్ నంబర్లు, లప్పం పాళ్లు ఏమైనా కావాలంటే అడగండి, తెలిసినంత చెప్తాం. మాకు తెలీకపోతే మావని అడిగి చెప్తాం. ఆయన ఇప్పుడు గన్ వదిలేసి లప్పం పని, రబ్బింగ్ పని మాత్రమే చేస్తున్నాడు. కూలి తగ్గింది. దగ్గు కూడా కొంచెం తగ్గింది.